మెక్సికో నగరమున ఒక మధ్యాహ్న భోజనము



ఈ పూట నేను మీకు మనవి చేయబోవునది ఒక భోజనమును గూర్చిన సంగతి. తిని చేయి కడుగుకొన్న తరువాత భోజనమును గూర్చి చెప్పుకొనుటకేమున్నదని మీకు తోచవచ్చును. నాకును మొన్నటివరకు అట్లే తోచెడిది. కాని 2023వ సంవత్సరము అక్టోబరు నెలాఖరున మెక్సికో నగరమందలి యొక పెద్ద భోజనశాలలో నేను తిన్న తిండి, పదునాలుగేండ్ల క్రిందట నేను చేసిన యొక తప్పును నా కంచములో తెచ్చి పెట్టినది. ఆ తప్పు నా యొక్కనిదే యైనచో ఇంతమంది యెదుట చెప్పుకొనవలసిన పనిలేదు. మనలో చాలమంది చేయు తప్పే యగుటచేత చెప్పుచున్నాను.

మెక్సికో దేశము అమెరికా సంయుక్త రాష్ట్రములకు దక్షిణమున నున్నది. దాని రాజధాని పేరును మెక్సికో నగరమే. ఆ పట్టణము సముద్రమట్టమునకు 2,240 మీటర్ల యెత్తున, అనగా ఏడువేల మూడువందల అడుగులకు పైగా, చుట్టును కొండలు గల మైదానమున నున్నది. 1325వ సంవత్సర ప్రాంతమున అచ్చటి ఆస్టెకులను జాతివారు ఒక సరస్సు నడుమ దీవిపై తమ పట్టణమును కట్టుకొనిరి. 1521లో స్పెయినువారు దానిని జయించి, పడగొట్టి, ఆ రాళ్లతోనే తమ పట్టణమును లేపిరి. తరువాత సరస్సు నీటిని కాలువలద్వారా బయటకు పంపివేసిరి. అడుగున మెత్తని బురదనేల యగుటచే పాత కట్టడములు నేటికిని కొద్దికొద్దిగా క్రుంగుచున్నవి. మేము భోజనము చేసిన యింటిలోను నేల యొక ప్రక్కకు వాలియుండెను. బల్లపై పెట్టిన నిమ్మకాయ దానంతట అది దొర్లి నా చేతికి వచ్చినది.

నేను గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవాడను. వరియన్నము తప్ప తక్కినదంతయు ఉపాహారమేయని నమ్మినవాడను. మా అల్లుడుగారిది పాలమూరు జిల్లాలోని మెట్టప్రాంతము. ఉద్యోగరీత్యా ఆయన మెక్సికో నగరమున ఉండగా, నేను రెండు నెలలు మా అమ్మాయిని చూచిపోవుటకు వెళ్లితిని. నేను తిరిగి వచ్చుటకు వారము ముందు, ‘మామయ్యా, ఈ ఊరి భోజనము రుచి చూడకుండ పోరాదు’ అని అల్లుడుగారు నన్నును అమ్మాయిని ఆ భోజనశాలకు తీసికొనిపోయిరి. అచ్చటివారికి ప్రధాన భోజనము మధ్యాహ్నము రెండు గంటలకు పైని. రెండు మొదలు నాలుగు వరకు పట్టణమంతయు తినుచునే యుండునని చెప్పవచ్చును.

ఆ భోజనశాల స్పెయినువారి కాలపు పాత యిల్లు. లోన అడుగు పెట్టగనే నాకు మన మండువా లోగిలి జ్ఞప్తికి వచ్చినది. నడుమ ఆకాశము కనబడు ముంగిలి, దానిచుట్టు రాతి స్తంభములు, స్తంభముల వెనుక వసారాలు. ఐతే మన ఇండ్లకు సున్నపు తెలుపు చాలును. వారికి రంగులు కావలెను. ఒక గోడ ముదురు నీలము, ఒక గోడ పసుపు, ఒకటి మన పెండ్లిచీరలవంటి ముదురు గులాబిరంగు. గోడల అడుగు భాగమున ప్యూబ్లా అను పట్టణమున తయారైన తెలుపు నీలము పింగాణీ పలకలు తాపి యుండిరి. ముంగిలి మీద అడ్డముగా రంగుకాగితముల తోరణములు. ఆ కాగితములను ఉలులతో చెక్కి పువ్వులు, పక్షులు, అస్థిపంజరములు కూడ కత్తిరించియుండిరి. అస్థిపంజరములేమని అడుగగా, గతించినవారి పండుగ వచ్చుచున్నదని చెప్పిరి.

నవంబరు 1, 2 తేదీలలో తమ ఇంట గతించినవారు తిరిగి వత్తురని అచ్చటివారి విశ్వాసము. మనము మహాలయ పక్షమున పితరులను తలచుకొన్నట్లే వారు ఆ రెండు దినములు తలచుకొందురు. ఆ భోజనశాలలోను మెట్లుమెట్లుగా ఒక వేదిక కట్టి, వెనుకటి కాలమున అచ్చట వంట చేసి గతించినవారి చిత్రపటములు పెట్టియుండిరి. వాటి ముందు దీపములు, ధూపము, గ్లాసుతో నీరు, ఉప్పు, రొట్టెలు, వారికి ఇష్టమైన వంటకములు. వేదిక నిండ బంతిపూలు. నేను ఆశ్చర్యపడి చూచుచుండగా అమ్మాయి, ‘నాన్నా, బంతిపువ్వు పుట్టినది ఈ దేశముననే’ అని చెప్పినది. దసరాకు మన గుమ్మములకు కట్టు పువ్వు, బతుకమ్మలో పేర్చు పువ్వు, సముద్రములు దాటి అచ్చటినుండి మనకు వచ్చినదే. మనము దేవతలకు పెట్టుకొంటిమి; వారు పితరులకు పెట్టుకొనుచున్నారు.

మేము కూర్చుంటిమి. ప్రక్క బల్లవారు భోజనము ముగించి పోవుచు మాకు ఒక మాట చెప్పిపోయిరి. మీ భోజనము మీకు హితవగుగాక యని దాని భావమట. తెలియనివారికైనను ఆ మాట చెప్పక పోరాదని అచ్చటి మర్యాద. నేను శాకాహారిని గనుక వడ్డించువానితో అల్లుడుగారు చాలసేపు మాట్లాడిరి. అచ్చట చిక్కుడు గింజల కూరలో సైతము పంది కొవ్వు వేయు వాడుక కలదు. అది లేకుండ ఏమేమి వచ్చునో కనుగొని తెప్పించిరి.

మొదట మూడు కాళ్ల నల్లరాతి కల్వము నొకదానిని తెచ్చిరి. అగ్నిపర్వతపు రాయి యట. దానిలో అవకాడో అను పండు గుజ్జు, ఉల్లిపాయ, కొత్తిమీర, పచ్చిమిరపకాయ, ఉప్పు, నిమ్మరసము కలిపి నూరియుండిరి. పేరు వేరుగాని అది రోటిపచ్చడియే. తరువాత వచ్చిన పళ్లెమును చూచి నేను నవ్వితిని. అది నాగజెముడు. మనము చేను కంచెకు నాటి, ముల్లు గ్రుచ్చుకొనిన తిట్టుకొను ఆ మొక్క లేత మట్టలను వారు ముండ్లు గీకి, ఉడికించి, టమాటతో కలిపి తినుచున్నారు. తినుటయే కాదు, గ్రద్ద నాగజెముడుపై నిలిచి పామును పట్టిన బొమ్మను ఆ దేశపు జెండాపై వేసికొన్నారు.

మూడవది ఇంకను వింత. మొక్కజొన్న కండెకు కాటుక తెగులు తగిలి గింజలు బూడిదరంగున ఉబ్బి, లోన నల్లనగుట మీరెరుగుదురు. మన రైతు అట్టి కండెను విరిచి పారవేయును. వారు దానిని మంచి కండెకంటె హెచ్చు ధరకు కొని వండుకొందురు. పుట్టగొడుగు కూరవలె నుండెను. ఐతే తెగులు పట్టినదెల్ల తినవచ్చునని నేను చెప్పుచున్నట్లు భావింపకుడు. సజ్జకు వచ్చు తేనెబంక తెగులు విషము. వారికి ఏది తినదగినదో వేయేండ్ల అనుభవముచే తెలిసినది. ఆ అనుభవము లేనివారు అనుకరింపరాదు.

గుమ్మడిపూలు కూడ వడ్డించిరి. సంక్రాంతి గొబ్బెమ్మలపై మన ఆడపిల్లలు పెట్టు గుమ్మడిపువ్వే. బూడిద గుమ్మడి మనది. తీపి గుమ్మడి మాత్రము అమెరికా ఖండపుది. మిరపకాయయు అంతే. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలు తెచ్చువరకు మన పూర్వులు కారమునకు మిరియములనే వాడుకొనిరి. మిరపకాయ, టమాట, జామ, బొప్పాయి, సపోటా, సీతాఫలము, ఇవన్నియు అమెరికా ఖండమున పుట్టినవే. వడ్డించువాడు మిరపకాయల పచ్చడి గిన్నెను నా ముందు పెట్టి, కారము జాగ్రత్తయని చేతితో సైగ చేసెను. నేను రెండు చెంచాలు వేసికొని తింటిని. అతడు నన్ను కొంతసేపు చూచి, మరియొక గిన్నె తెచ్చి పెట్టెను.

ఇంతవరకు నాకు వినోదముగనే యుండెను. అప్పుడు వసారా మూలనుండి ఒక చప్పుడు వినవచ్చినది. తప తప తప యని, నడుమ కొంచెము ఆగి, మరల తప తప తప యని. అచ్చట ఒక పెద్దవయస్సు స్త్రీ వెడల్పైన పెనము ముందు నిలిచి, మొక్కజొన్న పిండి ముద్దను రెండు అరచేతుల నడుమ తట్టి, చుట్టును త్రిప్పి, పలుచని రొట్టెగా చేసి పెనముపై వేయుచుండెను. ఆ రొట్టెను తోర్తియా యందురు. అల్లుడుగారు చేతిలోని చెంచా క్రింద పెట్టి, అటే చూచుచుండిరి. నేను గమనించితిని కాని ఏమియు అడుగలేదు. ఆ పని చూడవలెనని లేచి ఆమె యొద్దకు పోతిని. అమ్మాయి వెంట వచ్చి, నా ప్రశ్నలను ఆమెకును, ఆమె జవాబులను నాకును చెప్పినది.

ఆమె చెప్పినది వినుడు. మొక్కజొన్న గింజలను ఊరక విసరి పిండి చేయరు. నీటిలో కొంచెము సున్నము కలిపి, ఆ నీటిలో గింజలను ఉడికించి, రాత్రియంతయు నాననిత్తురు. తాంబూలములో మనము వాడు సున్నము వంటిదే. తెల్లవారుసరికి గింజపై పొట్టు వదులై చేతికి ఊడివచ్చును. పలుమారులు కడిగి, తడిగింజనే రాతిపై నూరుదురు. అట్లు చేసిననే పిండికి జిగి వచ్చి రొట్టె విరుగకుండ నిలుచును. దీనిని ఆమె ఎవరి యొద్ద నేర్చుకొన్నదని అడిగితిని. అమ్మయొద్ద నేర్చుకొంటిననియు, అమ్మకు తన అమ్మ నేర్పెననియు చెప్పి, నేను ఇట్టి ప్రశ్న వేయుటయే వింతయన్నట్లు చూచెను.

ఈ సున్నమును గూర్చి ఒక సంగతి చెప్పి మరల భోజనమునకు వత్తును. మెక్సికోవారు సుమారు తొమ్మిదివేల యేండ్ల క్రిందట ఒక అడవిగడ్డిని సాగు చేసి, తరతరములుగా మంచి కంకులనే విత్తనమునకు ఉంచుకొనుచు, మొక్కజొన్నను తయారుచేసినారు. 1492లో కొలంబసు అమెరికాకు చేరిన పిమ్మట ఆ గింజ యూరపునకు వెళ్లినది. బాగుగా పండినది. ఇటలీ ఉత్తర భాగమునను స్పెయినులోను బీదవారు దానినే తిని బ్రతుకజొచ్చిరి. గింజను తీసికొనిపోయినవారు సున్నములో నానబెట్టు పద్ధతిని మాత్రము తీసికొనిపోలేదు. అడవిజాతి ఆడువారి వంటయింటిలో నేర్చుకొనదగిన విద్య యేమున్నదని వారు తలచియుందురు.

దాని ఫలము ఘోరమైనది. మెడమీదను చేతులమీదను చర్మము ఎండకు కాలినట్లు నల్లబడి పగులుట, విరేచనములు, తుదకు మతి తప్పుట, మరణము. 1735లో స్పెయినులో గాస్పర్ కసాల్ అను వైద్యుడు ఈ రోగమును గుర్తించి వ్రాసెను. ఇటలీవారు దానికి గరుకు చర్మమని అర్థము వచ్చునట్లు పెల్లాగ్రా యని పేరు పెట్టిరి. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో వేలకొలది బీదలు దీనితో చనిపోయిరి. అంటురోగమని కొందరు, చెడిన గింజ దోషమని కొందరు వాదించిరి. 1914 మొదలు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అను వైద్యుడు ఊరూర తిరిగి, ఇది ఆహారలోపమేకాని అంటురోగము కాదని నిరూపించెను. లోపించిన పదార్థము నయాసిన్ అను విటమినని 1937లో తేలినది. మొక్కజొన్నలో నయాసిన్ ఉన్నదిగాని శరీరమునకు అందని రీతిగా బంధింపబడియున్నది. సున్నపు నీటిలో నానినపుడు ఆ బంధము వీడును. మెక్సికో అవ్వలకు విటమిను పేరు తెలియదు. ఐనను చేయవలసిన పని తెలియును.

మన దక్కను మెట్టభూములలోను జొన్న తప్ప వేరొకటి కొనలేని నిరుపేదలలో ఈ రోగము కనబడెడిది. హైదరాబాదునందలి పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు 1960లో దీనిని గూర్చి ప్రకటించిరి. జొన్నలోని ఒక ప్రోటీను భాగము కారణమని వారనిరి. తరువాత దానిపై పండితులలో వాదములు సాగినవి. ఏది యెట్లున్నను, ఏ గింజయైనను ఒంటరిగా మనిషిని పోషింపజాలదు. ఈ సంగతి వెనుకటివారెరుగుదురు. మెక్సికో రైతు ఒకే చేనిలో మొక్కజొన్న, దానిని ప్రాకు చిక్కుడు, నేలపై గుమ్మడి కలిపి వేయును. కంచములోను ఆ మూడును కలిసియే యుండును. మన మెట్టరైతు జొన్న నడుమ కంది సాళ్లు వేయుటయు, జొన్నరొట్టెను పప్పుతోను ఆకుకూరతోను తినుటయు అట్టిదే.

ఇక భోజనమునకు వత్తును. నేను తిరిగి బల్లయొద్దకు వచ్చునప్పటికి గుడ్డలో చుట్టిన వేడి రొట్టెలు వచ్చియుండెను. అల్లుడుగారు ముట్టలేదు. ‘ఏమి, చల్లారిపోవుచున్నవి’ అంటిని. ఆయన తల యెత్తి, ‘ఏమియు లేదు మామయ్యా. ఈ చప్పుడు వినగా మా అమ్మ జ్ఞాపకము వచ్చినది’ అనిరి.

ఇప్పుడు నా తప్పు చెప్పవలెను. 2009వ సంవత్సరమున మా అమ్మాయి వివాహమైన పిమ్మట నేను మొదటిసారి వియ్యాలవారింటికి వెళ్లితిని. మా వియ్యపురాలు కట్టెలపొయ్యి ముందు కూర్చుండి, వేడినీటితో జొన్నపిండి కలిపి, పీటపై తప తప తట్టి, పెనముపై వేసి, నీటితో తుడిచి, పొంగిన రొట్టెలు రెండు నా కంచములో పెట్టెను. పుంటికూర పప్పు, ఉల్లికారము, వెన్న. నేను రొట్టెను తాకలేదు. నలుగురిలో నవ్వుచు, ‘మేము అన్నము తినువారమండీ. మా వైపు రొట్టెలు జ్వరము వచ్చినవారికి పెట్టుదురు’ అంటిని. అందరును నవ్విరి. ఆమెయు నవ్వెను. కంచము తీసికొనిపోయి, కొంతసేపటికి సన్నబియ్యపు అన్నము వండి తెచ్చెను. అటుతరువాత నేను ఎన్నిమారులు వెళ్లినను నాకు అన్నమే పెట్టెను. 2020లో ఆమె కాలము చేసెను. నేను ఆ మాటను ఆ పూటనే మరచితిని.

అల్లుడుగారు నన్ను నిందించుటకు గాక, తల్లిని తలచుకొనుచు మెల్లగా చెప్పిరి: ‘మీరు వచ్చుచున్నారని తెలిసిననాడు మా అమ్మ ఇంటిలో ఎవ్వరికిని రొట్టె చేసెడిది కాదు. పిండిగిన్నెను కూడ మూలకు జరిపి గుడ్డ కప్పెడిది. నాన్నకు అన్నము సయించదు. ఆయన అడిగినచో, ఒక్క పూటకేమి, ఓర్చుకొమ్మనెడిది.’

పెద్దలారా, నాకు ఆ క్షణమున తల యెత్త బుద్ధి కాలేదు. పదునొకండు సంవత్సరములు ఆ ఇల్లాలు నా యొక్క మాటచే తన యింటి తిండిని నాకు కనబడకుండ దాచుకొన్నది. ఆ తిండితోనే కొడుకును పెంచి, చదివించి, నాకు అల్లుని చేసినది. అట్టి తిండిని ఆమె వడ్డించినపుడు త్రోసివేసిన నేను, పరదేశమున రంగుల గోడల నడుమ, వెండి చెంచాల ప్రక్కన, దానికి తోబుట్టువు వంటి రొట్టెను గొప్ప వంటకమని చూచుచు కూర్చున్నాను.

‘అల్లుడుగారూ, తప్పు నాది. ఆమె ఉండగా చెప్పవలసినది. ఇప్పుడు మీతో చెప్పుచున్నాను’ అంటిని. ఆయన బదులు చెప్పలేదు. గుడ్డ విప్పి, ఒక రొట్టెను రెండుగా చించి, సగము నా కంచములో పెట్టిరి. అమ్మాయి తల వంచుకొని నీళ్లు త్రాగినది. ఆ సగము రొట్టెను నేను ఉప్పు అద్దుకొని తింటిని. పక్వమైన గింజ వాసన, కొంచెము సున్నపు వాసన, పెనపు మాడు. మంచి రుచి.

అచ్చట మనము అడుగువరకు లెక్కకాగితము తేరు. అడుగకుండ తెచ్చుట అతిథిని లెమ్మనుటయని వారి భావము. అడిగి తెప్పించుకొంటిమి. ముగ్గురికి 1,500 పెసోలు, అనగా ఆనాటి మారకము ప్రకారము సుమారు 7,000 రూపాయలు. వడ్డించినవారికి ఇచ్చునది దానిపై వేరు. బీదల రొట్టెకు ఇంత ధర యేమని నేననగా అల్లుడుగారు నవ్వి, ఆ దేశములోను వెనుక ఇట్లు లేదనిరి. స్పెయినువారి యేలుబడిలో దొరలు గోధుమరొట్టె తినిరి. మొక్కజొన్నరొట్టె దేశీయుల తిండియని చిన్నచూపు చూచిరి. ఆ చిన్నచూపు శతాబ్దముల కాలము నిలిచినది. 2010లో యునెస్కో సంస్థ మెక్సికో సంప్రదాయపు వంటను మానవజాతి వారసత్వ సంపదల పట్టికలో చేర్చినది. నేడు పెద్ద భోజనశాలలు దానినే గర్వముతో వడ్డించుచున్నవి. ఐనను పట్టణములో నిత్యము జనులు తినునవి చాలవరకు యంత్రముల రొట్టెలే. చేతితో తట్టు స్త్రీలు తగ్గిపోవుచున్నారట. తీరికయు చేతిపనియు అరుదగుకొలది వాటి వెల పెరుగును గాబోలు.

మన యొద్దను అదే జరుగుచున్నది. భారతదేశము ప్రతిపాదింపగా ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. హైదరాబాదు భోజనశాలలలో జొన్నరొట్టె, రాగిసంకటి ఎంచి తెప్పించుకొను వంటకములైనవి. ఇవి మన ఊళ్లలోని పెద్దముత్తైదువులు అన్నము చాలనందున వండినవని మనమే సిగ్గుపడితిమి. పట్టణమువారు వెల పెట్టి కొన్న తరువాత గౌరవించుట గొప్ప కాదు. వండినవారు బ్రతికియుండగా గౌరవింపవలెను.

స్వదేశము చేరిన మరుసటి మాసమున నేను ఒంటరిగా పాలమూరు ప్రయాణమైతిని. వియ్యంకుడుగారు నన్ను చూచి సంతోషించిరి. అల్లుడుగారి వదినెగారు ఇప్పుడు ఆ యింటి వంట చూచుచున్నారు. కాళ్లు కడుగుకొని వచ్చునప్పటికి ఆమె నాకు సన్నబియ్యపు అన్నము, పప్పు, నెయ్యి సిద్ధపరచియుండెను. అత్తగారు నేర్పినదే గదా. ‘అమ్మా, నాకు జొన్నరొట్టె చేసిపెట్టగలవా’ అని అడిగితిని. ఆమె నమ్మలేదు. ‘మీకు పడదు గదా, బాబాయిగారూ’ అనెను. ‘పడును. నేనే తెలియక అంటిని’ అని చెప్పితిని. ఆమె మామగారి వైపు చూచెను. ఆయన తల యూపిరి. పిండిగిన్నె బయటకు వచ్చినది. తప తప యను చప్పుడు వినుచు నేనును వియ్యంకుడుగారును వసారాలో కూర్చుంటిమి. ఆయన చాలసేపటికి, ‘ఆమె ఉంటే బాగుండును’ అనిరి. మేమిద్దరము రెండేసి రొట్టెలు తింటిమి.

పెద్దలారా, నేను మీకు వంటలు నేర్పుటకు రాలేదు. మూడు మాటలు మనవి చేసి ముగింతును. మొదటిది, పైదేశపు పంటగాని విత్తనముగాని తెచ్చుకొనునపుడు దానిని తరతరములుగా తిన్నవారు ఎట్లు వండుకొనిరో కూడ అడిగి తెలిసికొనవలెను. గింజతోపాటు విద్యయు రావలెను. రెండవది, మీ ఇండ్లలోని ముసలమ్మలు చేయు పనులను, నానబెట్టుట, పులియబెట్టుట, వేయించుట, ఏ వేళ ఏది కలుపుట, ఎందుకని అడిగి వ్రాసియుంచుడు. కారణము వారు చెప్పలేకపోవచ్చును. కారణము లేదని మాత్రము అనుకొనకుడు. మూడవది, పరుల ఇంట కంచములో పెట్టినదానిని ఒక్క ముద్దయైనను తినక మాట జారకుడు. తినిన పిమ్మట మీకు నచ్చకున్నను నష్టము లేదు. జారిన మాటను తిరిగి తీసికొనుటకు నేను మెక్సికో వరకు పోవలసివచ్చినది. అప్పటికిని, వినవలసిన ఇల్లాలికి అది వినబడలేదు.